ఆరున్నొకటి

చీకటి పడుతూనే కరెంటు పోయింది. సుల్తానాబాద్ ఇంట్లో నేను, నా మనవరాలు నవ్యశ్రీ, ఇద్దరమే ఉన్నాం. నేను వాకిట్లో కూర్చున్నాను. లోపలి గదిలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"ఏడు... ఏడు..."

నా పిల్లను ఏడవమని ఎవరంటున్నారు? వడ్లు కొలిచేటప్పుడు కూడా మేము ఆ మాట నోట రానివ్వం, ఆరు తర్వాత ఆరున్నొకటి అంటాం. పిలిచాను. పలకలేదు. గోడ పట్టుకుని పోయి తలుపు నెట్టాను. ఫోను వెలుగులో పిల్ల ఒక్కతే ఏదో రాసుకుంటోంది.

"ఎవలే నిన్ను ఏడువుమన్నది?"

"లెక్క, బాపమ్మా. ఇరవై నాలుగు ఒకట్లు పక్కపక్కన రాస్తే గింత పెద్ద సంఖ్య అయింది. దీన్ని మిగులకుంట ఏది భాగిస్తదా అని సూస్తున్న. ఏడు భాగిస్తది. ఆరు ఒకట్లు అయినప్పుడల్లా మిగులు సున్నా వస్తది."

"నీ పాడుగాను, ఆరున్నొకటి అనరాదే."

పిల్ల నవ్వింది. నా ప్రాణం కుదుటపడింది. పక్కనే కూలబడ్డాను. ఆమె ఫోను నా ముఖం మీదికి తిప్పి, నవ్వు ఆపేసింది.

"మరి నువ్వెందుకు ఏడ్సినవ్, బాపమ్మా?"

చెంపలు తడుముకున్నాను. రెండూ తడిగా ఉన్నాయి. ఎప్పుడు ఏడ్చానో నాకు తెలియదు.