ముందు సీటు

"ఆ వెబ్‌సైటు పేరు మాకిచ్చేయండి సార్. ఎలక్షన్లొస్తాండాయి, అన్న పేరు మీద సైటు పెట్టాల. ఎంతడిగినా ఇస్తాం," అన్నాడు ప్రొద్దుటూరు పార్టీ ఆఫీసు నుంచి వచ్చిన మహేశ్వర.

"అది అన్న మీద అభిమానంతో మా కొడుకు జయరాజు కొన్న పేరప్పా. వాడు పోయినాంక ఏటేటా నేనే రెన్యువల్ చేపిస్తాండా," అన్నాడు రిటైర్డ్ టీచరు ఆనందయ్య.

"ఎదుటి వర్గమోళ్లు కొని పెట్టుకున్యారేమోనని అన్నకు అనుమానం."

ఆనందయ్య ల్యాప్‌టాప్‌లో సైటు తెరిచాడు. ఒకటే ఫోటో. జీపు పక్కన నవ్వుతూ అన్న. ముందు సీట్లో, అచ్చం అన్న మాదిరే తెల్లచొక్కా తొడుక్కుని, జయరాజు.

"జమ్మలమడుగు రోడ్డులో ఆ పొద్దు అన్న సీట్లో వీణ్ని కూర్చోబెట్టినారు. అన్న ఎనక కారులో పోయినాడు. అన్నే అనుకోని వీని మీద బాంబులేసినారు."

మహేశ్వర మెల్లగా లేచి, అన్నకు ఫోన్ చేసి విషయం చెప్పాడు. అవతలి గొంతు గదంతా వినిపించింది.

"యా జయరాజు రా వాడు?"

మహేశ్వర ఫోన్ పెట్టేసి తలొంచుకున్నాడు.

"ఈ పేరు కోసమన్నా అన్న ఒకపొద్దు మా ఇంటికొస్తాడనుకుంటి," అన్నాడు ఆనందయ్య. కళ్లజోడు తుడుచుకుని ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు.

"దుడ్లేం వద్దు. పాస్‌వర్డు రాసిస్తా, ఉండప్పా. ముందు మా వాణ్ని ఆ జీపులోంచి దింపుకోనీ."