బుధవారం దాకా

"కుక్క పేరేమిటండీ?" అని రిజిస్టరు తెరిచి అడిగాడు పశువుల డాక్టరు కృపానందం.

కుక్కను తెచ్చినాయన అంకమ్మరావు. ఆయనకు గవర్నర్‌పేటలో మంగళగిరి చీరల హోల్‌సేల్ కొట్టుంది. పేరింకా పెట్టలేదన్నాడు. వయసెంతంటే, తమకు ఈ మధ్యనే పరిచయమన్నాడు.

డాక్టరుకు ముచ్చటేసింది. వీధికుక్కను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడన్నమాట మహానుభావుడు. తీసుకురావడమైనా ఎలా తెచ్చాడు! దగ్గుతోంది కదా, గాలి తగలకుండా కాబోలు, దాని మూతికి జరీ అంచు కొత్త కండువా చుట్టాడు. రిక్షాలో దాన్నొక్కదాన్నే కూర్చోబెట్టి, తాను ఎడమకాలు ఈడ్చుకుంటూ సత్యనారాయణపురం నుంచి నడిచొచ్చాడు. డెబ్భై నాలుగో సంవత్సరం మే నెల ఎండలో.

కుక్క నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది. గుండె చప్పుడు విన్న డాక్టరు అనుమానం వచ్చి, రక్తం తీయడానికి సూది అందుకున్నాడు. అంకమ్మరావు గోడవైపు తిరిగిపోయాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఎంత మెత్తని మనసో అనుకున్నాడు డాక్టరు.

మైక్రోస్కోపు కింద రక్తపు చుక్కలో సన్నటి పిల్లపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. పుస్తకంలో బొమ్మ చూడటమే తప్ప, పదిహేనేళ్ల సర్వీసులో కృపానందం వాటిని కళ్లారా చూడటం అదే మొదలు. సంతోషం పట్టలేకపోయాడు. వెంటనే సిగ్గుపడ్డాడు.

"దీని గుండెలో పురుగులున్నాయండీ. సేమ్యా పోగుల్లా పెరుగుతాయి. దోమలు తెచ్చే జబ్బు."

బెజవాడ దోమలు మనుషులతో సరిపెట్టుకోలేదన్నమాట.

"బతుకుతుందాండీ?" అంకమ్మరావు ముందుకు జరిగి అడిగాడు.

డాక్టరు దాచకుండా చెప్పాడు. మందు పాషాణంతో చేసింది. మద్రాసు నుంచి శుక్రవారానికి తెప్పించవచ్చు. రెండు రోజులు, పూటకొకటి చొప్పున నరానికి ఎక్కించాలి. పురుగులు చస్తాయి గానీ, చచ్చినవి ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ఆ వారంలోనే కుక్క పోవచ్చు. వెయ్యకపోతే మాత్రం ఏడాది తిరగదు.

"వెయ్యకపోతే వచ్చే బుధవారం దాకా ఉంటుందాండీ?"

"ఉండొచ్చు. ఎందుకని?"

"బుధవారం గడవనీయండి. అప్పటిదాకా సూది మాట ఎత్తకండి. మీకు దణ్ణం పెడతాను."

వర్జ్యమో, గ్రహబలమో అయివుంటుందనుకున్నాడు డాక్టరు. చర్చికి వెళ్లే తనకు ఆ లెక్కలు తెలియవు, ఒకరి నమ్మకాన్ని కాదనడం మర్యాదా కాదు. సరేనని గుండెకు మాత్రలిచ్చాడు. పరుగెత్తనివ్వకూడదనీ, మొరగనివ్వకూడదనీ, ఎండ తగలనివ్వకూడదనీ మరీ మరీ చెప్పాడు. ఇవన్నీ చేసినా ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేనన్నాడు.

మర్నాడు చూడ్డానికి వెళితే, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కుక్క దగ్గర తిరుగుతోంది. దాని చుట్టూ దోమతెర కట్టి ఉంది. ఇంటావిడ రావమ్మ ఓ మూల కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. అంకమ్మరావు కొట్టు గుమాస్తాకి అప్పజెప్పి, దోమతెర బయట కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నాడు.

రోజూ పొద్దున్నే వచ్చి కబురు చెప్పేవాడు. తిండి తిన్నదా అని డాక్టరు అడిగితే అంతగా పట్టించుకునేవాడు కాదు.

"నీళ్లు మాత్రం శుభ్రంగా తాగిందండీ," అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

ఆదివారం ఆరాధన మధ్యలో చర్చి గుమ్మం దగ్గర అలికిడైంది. చూస్తే అంకమ్మరావు, కాళ్లకు చెప్పుల్లేవు. కుక్క పడిపోయిందని చెప్పి భోరుమన్నాడు. డాక్టరు పాటల పుస్తకం చేతిలో పట్టుకునే పరుగెత్తాడు. గుండెకు బలమిచ్చే ఇంజెక్షన్ చేసి, అరగంట కూర్చుంటే కుక్క కళ్లు తెరిచి గిన్నెలో నీళ్లు గతికింది. అంకమ్మరావు డాక్టరు చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. డాక్టరుకూ కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రం ఆ సంగతంతా భార్య ఎలిజబెత్‌కి చెప్పి, నా కోసం ఎవరైనా అలా ఏడుస్తారా అని అడిగాడు.

"మొరగకుండా వారం రోజులు పడుకుని చూడండి," అందామె.

అప్పట్నించి, పశువులకు మేత సరిగా పెట్టని వాళ్లొస్తే చాలు, అంకమ్మరావు గారిని చూసి నేర్చుకోండని చీవాట్లు పెట్టడం మొదలెట్టాడు డాక్టరు.

బుధవారం గడిచింది. గురువారం పొద్దున్నే అంకమ్మరావు కుక్కను నడిపించుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. కాలు ఈడ్చడం లేదు. తాడు తెచ్చి డాక్టరు చేతిలో పెట్టాడు.

మందు వచ్చిందనీ, ఇవాళే మొదలుపెడదామనీ, ధైర్యంగా ఉండమనీ అన్నాడు డాక్టరు.

"మీ ఇష్టమండీ. నాకిక దీంతో పనిలేదు."

డాక్టరు తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు.

"అదేమిటండీ? ఒకవేళ పోతే?"

"పోతే పోతుందండీ," అని అంకమ్మరావు పంచె మోకాలి దాకా ఎత్తి, ఎడమ పిక్క మీద మానిపోయిన నాలుగు పంటిగాట్లు చూపించి, "కరిచిన కుక్క పది రోజులు బతికుంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అక్కర్లేదన్నారండీ, నిన్నటితో పదీ అయిపోయాయి," అన్నాడు.