సగం పాట

జెయింట్ వీల్ ముందు చాంతాడంత లైను చూసేసరికి రెబెక్క ప్రాణం ఉసూరుమంది.

"గింతసేపు నిలవడితే ఏమొస్తది మమ్మీ? బజ్జీలు తిని పోదాం" అంది బ్లెస్సీ.

ఆరేళ్ల పిల్లకున్న తెలివి తనకు లేకపోయిందే అనుకుంది రెబెక్క.

కానీ ఈ దిల్‌సుఖ్‌నగర్ ఎగ్జిబిషన్‌కు ఇదే ఆఖరి రోజు. వచ్చే ఏడాదికల్లా మైదానంలో అపార్ట్‌మెంట్లు లేస్తాయట. మళ్లీ వద్దామంటే రావడానికి చోటే ఉండదు.

తను బ్లెస్సీ అంత ఉన్నప్పుడు నాన్న యేసుదాసు ఇక్కడే తనను జెయింట్ వీల్ ఎక్కించాడు. తొట్టి పైకి చేరీ చేరగానే కరెంటు పోయింది. కింద జనం లేరు, బజార్లు లేవు, అంతా చీకటి. తను గుక్కపట్టి ఏడ్చింది.

నాన్నకు ఏం తోచిందో, అప్పటికప్పుడు ఒక పాట కట్టి ఎత్తుకున్నాడు.

"చీకటాయెనే చిన్నబిడ్డా, చెయ్యి వట్టుకోవే..."

కింది తొట్టిలోంచి ఎవరిదో కంచు గొంతు అందుకుంది.

"చెయ్యి వట్టుకుంటే చాలునమ్మా, చుక్కలే దీపాలు..."

కరెంటు వచ్చేదాకా నాన్న ఎత్తుకోవడం, ఆ గొంతు అందుకోవడం. ఏడుపు ఎప్పుడు ఆగిందో తనకే తెలియదు. తీరా కిందికి దిగాక ఆ మనిషి జనంలో కలిసిపోయాడు.

ఆ పాటే ఇంట్లో జోలపాట అయింది. బ్లెస్సీ కూడా దాన్ని వింటూనే పెరిగింది.

"సగం పాట ఆయనది. ఒక్కపారి కలిసి చెయ్యి వట్టుకోవాలె" అనేవాడు నాన్న.

అట్లా పాడినవాడు చర్చి క్వయర్ మనిషి కాక ఇంకెవరని ఆయన నమ్మకం. ఏ చర్చికి పోయినా, ఏ సువార్త సభకు పోయినా పాటలప్పుడు కళ్లు మూసుకుని ఆ గొంతు కోసమే వెతికేవాడు. అది దొరకకుండానే, పోయిన వానాకాలంలో కన్నుమూశాడు.

అందుకే కూతుర్ని ఒక్కసారి ఆ పైకి తీసుకుపోయి, నాన్న పాట అక్కడే పాడి వినిపించాలని రెబెక్క ఆశ.

లైను మాత్రం కదలనంటోంది. కారణం ఎదురుగానే ఉంది.

ముందు నిలబడ్డ ముసలాయన నుదుట నిండుగా ఆంజనేయస్వామి సిందూరం. వెనక నుంచి ఎవరు తోసుకొచ్చినా "మీరు వోండ్రి, మీరు వోండ్రి" అని పక్కకు జరిగి దారి ఇస్తున్నాడు. పోయేవాళ్ల ముఖాలు పట్టి పట్టి చూస్తున్నాడు.

"పెద్దాయనా, మీరు ఎక్కుతరా, ఎక్కరా?" అంది రెబెక్క.

"ఎక్కుత బిడ్డా. నాకేం తొందర?"

"మాకున్నది గద."

ఆయన నొచ్చుకోలేదు. దగ్గుతూ నవ్వాడు.

"జర ఓపిక వట్టు బిడ్డా. గీ జెయింట్ వీల్ కాడ నిలవడ్డందుకు నాకైతే ఒకపారి మస్తు ఫాయిదా అయింది."

మాట బొంగురుగా, గరగరలాడుతూ వచ్చింది.

"కర్మన్‌ఘాట్ గుడి కాడ భజన జేసి జేసి గొంతు వోయింది. ఏమనుకోకు."

భక్తుల చరిత్ర వినే ఓపిక రెబెక్కకు లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మన్సూరాబాద్‌లో ఇంటి నుంచి భర్త ఆనంద్ కుమార్.

"ఎక్కిండ్రా?"

"ఏడెక్కినం? ఇంక లైన్లనే ఉన్నం."

"అంత పరేషాన్ ఎందుకు? ఇడిసిపెట్టి రారాదు?"

బ్లెస్సీ తల ఎత్తి, పైన ఊగుతున్న తొట్లను బెదురుగా చూస్తోంది. ముసలాయన పిల్ల మీదికి వంగి ఏదో గొణగడం మొదలుపెట్టాడు. మంత్రమేదో చదువుతున్నాడనుకుంది రెబెక్క. బ్లెస్సీ కళ్లు ఇంతలేసి చేసుకుని ఏదో చెప్పడానికి నోరు తెరిచింది.

"పెద్దాయనా, ఫోన్ల ఉన్న. జర సప్పుడు జేయకుండ్రి. బ్లెస్సీ, నువ్వు గూడ సప్పుడు జేయకు."

ఇద్దరూ టక్కున నోళ్లు మూసుకున్నారు.

ఫోను పెట్టేశాక రెబెక్క మరోసారి ముందుకు చూసింది. లైను ఉన్నచోటే ఉంది. ఇంతసేపు నిలబడేంత గొప్పదేం కాదులే, పాట ఇంట్లోనైనా పాడుకోవచ్చు అని మనసుకు సర్దిచెప్పుకుంది.

"పా బ్లెస్సీ, పోదాం."

"పోతున్నరా బిడ్డా?" అన్నాడు ముసలాయన.

"మీరే నిలవడుండ్రి."

"నాకు అలవాటే" అని మళ్లీ దారి ఇచ్చాడు.

మర్నాడు ఆదివారం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి తల్లీకూతుళ్లు మలక్‌పేట చర్చికి బయలుదేరారు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రైల్లోంచి మైదానం కనబడింది. జెయింట్ వీల్ తొట్లు విప్పి లారీకి ఎక్కిస్తున్నారు.

రెబెక్కకు నాన్న గుర్తొచ్చాడు. ఇంకాసేపు నిలబడి ఉంటే ఏం పోయేది అనిపించింది.

కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది బ్లెస్సీ.

"పాపం, ఆ తాత ఇంక ఏడ నిలవడ్తడు మమ్మీ?"

"ఏ తాత?"

"నిన్న లైన్ల ఉన్న తాత. నాకు భయమైతుంటే మన పాట పాడిండు."

"మన పాటనా?"

"అవును. చుక్కలే దీపాలు. 'గిది నేనన్న మాట బిడ్డా, దీనికి ముందుది ఇంకొకాయనది, ఆయన కోసమే ఏటేట ఈడికొచ్చి నిలవడ్త' అన్నడు."

రెబెక్క చటుక్కున కిటికీ వైపు తిరిగేసరికి మైదానం వెనకబడిపోయింది.

"ముందుది నాకొస్తది తాతా అని చెప్పబోయిన మమ్మీ, నువ్వే సప్పుడు జేయకన్నవ్" అంది బ్లెస్సీ.