పుంతలో చెయ్యి ఊపాలి

మంగతాయారుకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పొలాల మధ్య పుంతదారిలో ఎదురొచ్చే కోతమిషను, పిల్లని చంకనేసుకుని నిలబడ్డ తనని కంచెరాట అనుకుంటుందేమోనని.

ఇప్పుడు మిషన్ల మీద మనుషులెవరూ ఉండరు. ఈ కంచె నుంచి ఆ కంచె దాకా దారంతా నిండుగా వస్తాయి. కదిలేదాన్ని చూస్తే ఆగి కూత పెడతాయి, కదలనిదాన్ని రాసుకుంటూ పోతాయి. అందుకే నడిచేవాళ్ళు అది ఆగేదాకా చెయ్యి ఊపుతూనే ఉండాలి.

ఆ దారిన నడిచేది ఇద్దరే. పిల్లని అంగన్‌వాడీకి తీసుకెళ్ళే తనూ, గడ్డికెళ్ళే సూరమ్మ మామ్మా.

“ఊపు మామ్మా, ఊపు!” అని తను అరిచేది.

“ఎవడికే ఊపేది, నా మొగుడికా?” అనేది మామ్మ. “బండి ఎదురైతే ఎడ్లు బెదరకుండా బొమ్మలా నిలబడమని నేర్పింది మా అమ్మ. డెబ్బై ఏళ్ళ అలవాటు. చెయ్యి లేవదే!”

అందుకని మామ్మకి ముందు నిలబడి, ఇద్దరి తరఫునా మంగతాయారే ఊపేది.

మూడు రోజులుగా పిల్లకి జ్వరం. మామ్మ ఒక్కతే వెళ్తోంది. పొద్దున్నే పిల్లని ఒళ్ళో వేసుకుని, మామ్మని చూసి మిషను ఆగి పెట్టే కూత కోసం మంగతాయారు చెవులు రిక్కించుకుని కూర్చుంటోంది. మొన్న వినబడింది. నిన్నా వినబడింది. ఇవాళ మూడు మిషన్లు వెళ్ళాయి, ఒక్కటీ ఆగి కూత పెట్టలేదు. మామ్మకి ఫోను లేదు. కనుక్కుని రమ్మందామంటే వీధిలో మనిషి లేడు.

మీరెవరైనా అటు వెళ్తుంటే, తూము పక్క రేకుల పాక దగ్గర ఆగి, సూరమ్మ మామ్మ పలుకుతుందేమో ఒక్కసారి పిలిచి చూడండి. పుంతలో మాత్రం చెయ్యి ఊపుతూ వెళ్ళండి.