నాలుగూ పదికి ఎగిరిన గుండె

“నిన్న సాయంత్రం నాలుగూ పదికి ఏం జరిగింది?” డాక్టర్ శ్రీవల్లి బల్ల మీద పొడవాటి కాగితం పరిచింది.

అప్పలసూరి ఆ కాగితం మీదికి వంగి చూశాడు. పక్కనే కూర్చున్న కూతురు అరుణకుమారికి గుండె మార్చి మూడేళ్లయింది. ఏటా చేసే పరీక్షల కోసం నిన్న ఒంటికి కట్టి పంపిన చిన్న యంత్రం, రోజంతా గుండె కొట్టుకున్న తీరును గీసిపెట్టింది. అన్ని గంటలూ బుద్ధిగా నడిచిన గీత ఆ ఒక్కచోట కోతిలా ఎగిరింది.

“పరిగెత్తిందా?”

“నేదమ్మా.”

“మెట్లెక్కిందా? జ్వరం వచ్చిందా?”

“ఏటీ నేదు డాక్టరమ్మా. ఆస్పత్రి గేటు కాడ ఏక్‌బాల్‌పూర్ బస్సు కోసం సూత్తన్నాం, అంతే. కొత్త గుండె మొరాయిస్తందేటి?” ఓడల్లో బరువులెత్తే ఆ మనిషి చొక్కా అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు.

శ్రీవల్లికీ లోపల అదే భయం. అప్పటికప్పుడు స్కాన్ తీసింది. గుండె చక్కగా ఉంది. రక్తం రిపోర్టు తెప్పించింది. అందులోనూ వంక లేదు. ఉన్నట్టుండి ఏదో తట్టి, అప్పలసూరిని బయట కూర్చోమంది.

“నిజం చెప్పు అరుణా. నిన్న దేనికైనా భయపడ్డావా?”

పదమూడేళ్ల పిల్ల తల దించుకుంది. “శానా.”

శ్రీవల్లి కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది. మార్చిన గుండెకు నరాలు తెగిపోయి ఉంటాయి. భయమేసినా, సంబరమైనా ఠక్కున ఎగరదు. ఈ గుండె ఎగిరింది! అంటే నరాలు మళ్లీ మొలిచాయి! అరుణ చేతులు పట్టుకుని గదంతా గిర్రున తిప్పేసింది.

“ఇది ఇంక ఎవరో ఇచ్చిన గుండె కాదే, నీదే! నీదైపోయింది!”

ఇద్దరూ నవ్వీ నవ్వీ మంచం మీద కూలబడ్డారు.

“ఇంతకీ దేన్ని చూసి భయపడ్డావే?”

“తిట్టకూడదు మరి.”

“ఒట్టు, తిట్టను.”

“నాన్న బస్సుకేసి సూత్తంటే, నాను ఫుచ్కా బండి కాడికెళ్లాను.”

“ఫుచ్కానా!” ఆ పానీపూరీలే కాదు, రోడ్డు మీద నీళ్లు, తిండి ఏవీ ముట్టుకోవద్దని మూడేళ్లుగా నూరిపోస్తోంది తను. “ఎన్ని తిన్నావ్?”

“ఒక్కటీ తిన్నేదు! గోడ ఎనకాల నక్కీసాను.”

“ఏం, నాన్న చూసేశాడా?”

“నాన్న కాదు.” అరుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “బండి కాడ దొన్నె పట్టుకుని, ‘దాదా, ఇంకొంచెం కారం’ అని అరిసింది మీరే గదా!”