గాలానికి బ్రేకు

"అత్తయ్యా, మర్యాదగా దిగండి. పెద్ద అల వస్తోంది!"

"రానీ. దాని దారిన అది వస్తుంది, దాని దారిన అది పోతుంది. నీ పని నువ్వు చూసుకో అల్లుడూ."

సముద్రంలోకి పొడుచుకొచ్చిన నల్లరాయి కొసన నిలబడి అత్తగారు తాపీగా గాలానికి ఎర గుచ్చుకుంటోంది. అల వచ్చి రాయిని కొట్టింది. నురగ ఆమె నడుము దాకా లేచింది. ఇసుకలో నిలబడ్డ అల్లుడు రెండడుగులు ముందుకి ఉరికాడు.

మొన్న ఇలాంటి అలే ఆమెని ఆ రాయి మీంచి ఈడ్చేసింది. దగ్గర్లో వలలు ఆరబెట్టుకుంటున్నవాళ్ళు జబ్బ పట్టుకుని లాగబట్టి సరిపోయింది. ఈ పొద్దున పెళ్ళాం తేల్చి చెప్పేసింది: "మా అమ్మని ఆ రాయి దించాకే ఇంటికి రండి. దించలేకపోతే మీ వెల్డింగు షాపులోనే చాప వేసుకోండి."

అత్తగారి బాధ అత్తగారిది. చేపలేమో అలలు విరిగే చోటుకి అవతల, లోతు నీళ్ళలో తిరుగుతాయి. గాలం విసిరేటప్పుడు దారాన్ని చూపుడువేలికి తగిలించి పట్టుకోవాలి. ఒడ్డు నుంచి అంత దూరం పోవాలని బలం పెట్టి విసిరితే దారం వేలిని కత్తిలా కోస్తుంది. నెమ్మదిగా విసిరితే దారానికి కట్టిన సీసపు గుండు కాళ్ళ ముందే పడుతుంది. ఇస్త్రీ కొట్టు నడుపుకునే మనిషి. వేలు తెగితే మర్నాడు పెట్టె పట్టుకోలేదు. అందుకని లోతుకి దగ్గరగా ఉంటుందని రాయెక్కేది. వేలి కంటే ప్రాణం చవక అనుకుంది కాబోలు.

"మీ వేలు తెగకుండా ఒకటి చేసుకొచ్చాను, చూడండి" అని అల్లుడు సంచీలోంచి తీసి పైకెత్తి చూపించాడు.

"ఏంటది?"

"సైకిల్ బ్రేకు పిడి. కోసి, కొక్కెం అతికించాను. మీ గాలం కర్రకి బిగిస్తాను."

"గాలం కర్రకి బ్రేకా? హారన్ కూడా తేవాల్సింది. చేపలు పక్కకి తప్పుకునేవి."

"ఒక్కసారి ఇసుకలోంచి విసిరి చూడండి. దూరం పోకపోతే మళ్ళీ ఎక్కుదురుగాని. నేనింక నోరెత్తను."

"నోరెత్తవా? నిజంగా?"

"మీ అమ్మాయి మీద ఒట్టు."

ఆమె వెంటనే దిగింది. చేప దొరకడం కంటే అల్లుడి నోరు మూతపడటం మీదే ఆశ ఎక్కువున్నట్టు కనిపించింది.

అల్లుడు గాలం కర్రకి, దారం చుట్టిన రీలు పైన, ఆ పిడిని బిగించాడు. "వేలితో దారాన్ని ముట్టుకోనే వద్దు. దారం ఈ కొక్కానికి తగిలించండి. పిడి నొక్కి పట్టుకున్నంతసేపూ కదలదు. కర్ర నెత్తి మీంచి ముందుకి రాగానే పిడి వదిలెయ్యండి. అంతే."

"నువ్వెప్పుడైనా చేప పట్టావా?"

"లేదు. నాకా కంపు పడదు."

"మరి నాకు పాఠాలు చెప్తున్నావే!"

విసిరింది. పిడి ఆలస్యంగా వదిలింది. సీసపు గుండు వాళ్ళ ముందే ఇసుకలో దబ్బున దిగబడింది.

"బ్రేకు బ్రహ్మాండంగా పట్టింది" అని ఆమె రాయి వైపు తిరిగింది.

"పిడి తప్పేం లేదు. మీరే భయపడి వదల్లేదు."

"ఎవరికిరా భయం?"

కోపమొస్తే ఆమెకి అల్లుడూ లేదు, మర్యాదా లేదు. కాళ్ళు ఎడం చేసి నిలబడి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపింది. ఈసారి పిడి సరిగ్గా వదిలింది. రీలు సర్రుమంది. గుండు గాల్లో లేచి, పోయి పోయి, అలల తెల్లటి నురగ దాటి అవతల ఎక్కడో చిన్న చుక్కలా నీళ్ళని చిమ్మింది.

ఆమె చూపుడువేలు మొహం దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. గీత కూడా పడలేదు.

"అవతలే పడిందంటావా?"

"అవతలే అత్తయ్యా. నా కళ్ళతో చూశాను."

అంతలో కర్ర కొస వంగింది.

"లాగండి! లాగండత్తయ్యా!"

"నువ్వరవకు, చెవులు పోతున్నాయి. నోరెత్తనన్నావుగా!"

వెండిలా మెరుస్తూ మూరెడు చేప ఇసుక మీదికొచ్చి పడి ఎగిరింది. కంపు పడనివాడు దాని మీద పడి రెండు చేతులా వాటేసుకున్నాడు. చొక్కా నిండా జిగురు.

అత్తగారు కూలబడి, ఆయాసం తీరేదాకా నవ్వింది. "ఇంత సుఖంగా పడుతుంటే ఇంకా ఆ రాయెందుకు? ఎక్కినప్పుడల్లా మోకాళ్ళు బూతులు తిడుతున్నాయి. ఈ జన్మకింక ఎక్కను, సరేనా? ఇదిగో, నువ్వూ ఓసారి విసిరి చూడు. నేను దీన్ని శుభ్రం చేస్తాను."

"నేనా? నాకెందుకు..." అంటూనే కర్ర అందుకున్నాడు.

ఆమె కత్తి తీసుకుని అటు తిరిగి చేప పొలుసులు గీకడంలో పడింది. వెనక రీలు సర్రుమంది. "అబ్బో!" అని అల్లుడి గొంతు. మళ్ళీ సర్రుమంది. "ఇక్కణ్ణుంచే ఇంత పోతుందా!" అన్నాడు. ఆ తర్వాత అలల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

పొలుసులు తీయడం అయ్యాక ఆమె వెనక్కి తిరిగింది. నోరు తెరుచుకుని కాసేపలా చూసి, చేతులు కడుక్కుని, కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మా, దిగావా?"

"నేను దిగానే తల్లీ. నువ్వు గబగబా రా, మీ ఆయన ఎక్కాడు."