పంకజాక్షి లేచే వేళ

మామిడి మండీలో ఏ కాయ నిలుస్తుందో, ఏది కుళ్లుతుందో తాకి చెప్పగలను. నా భార్య విషయంలోనే లెక్క తప్పాను. పేగుపూతతో పంకజాక్షి పోయి మూడేళ్లు. మందు కనిపెట్టేందుకు ఆమె పేగు కణాలను తిరుపతి ల్యాబులో ఇంకా పెంచుతున్నారు.

"రోజూ రాత్రి రెండున్నరకు ముడుచుకుంటాయన్నా. ఎందుకో తెలీడంలా. ఇట్టయితే మందు పరీక్షకు పనికిరావు. నువ్వు సంతకం పెడితే పెంచేది ఆపేస్తాం," అంది పరిశోధకురాలు స్రవంతి.

నాకు తెలుసు. నొప్పితో ఆమె లేచే వేళ అదే. బాత్రూమ్ తలుపు రెండుసార్లు తట్టి, "ఈడే ఉండా మే" అనేవాణ్ణి. లోపలి నుంచి ఆమె తిరిగి తట్టేది. ఆ తట్టుడు కోసమే మేలుకునేవాణ్ణి.

ఆ రాత్రి స్రవంతితో పాటు ల్యాబులోనే కూర్చున్నాను. రెండున్నరైంది. మైక్రోస్కోపు తెరమీద కణాలు ముడుచుకున్నాయి. కణాలున్న పెట్టె అద్దం మీద రెండుసార్లు తట్టాను.

అవి మెల్లగా విచ్చుకున్నాయి. తర్వాత అద్దం అవతల చిన్న చప్పుడు, రెండుసార్లు.

స్రవంతి సంతకం కాగితాన్ని వెనక్కి లాక్కుంది.